సమస్యాపూరణం: మొదటివాడు కాదు మొదటివాడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

మొదటివాడు కాదు మొదటివాడు

అంశం: రష్యన్ ఐస్ హాకీ ఫార్వర్డ్‌ల (ముందుండి గోల్స్ వేసేవాళ్ళ) సహజ ప్రతిభ. పోయినవారం వేసవి ఇస్తే అందరూ మల్లెపూలూ మామిడిపళ్ళే వడ్డించారు, అందుకే ఈసారి మంచు మీదికి లాక్కెళ్తున్నాను. ఆట తెలియనివాళ్ళకు ఒక్క మాట: ఇందులో బంతికి బదులు పక్ అనే రబ్బరు బిళ్ళను కర్రతో ఆడతారు. ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్ జట్లు ఏటా కుర్రాళ్ళను వరసగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 2001లో ఇలియా కోవల్చుక్‌దీ, 2004లో అలెగ్జాండర్ ఒవెచ్కిన్‌దీ మొట్టమొదటి పేర్లు. అలాగని సమస్యలోని మొదటివాడు వాళ్ళే కానక్కర్లేదు. పేర్లకు కొంచెం వెసులుబాటు ఇస్తాను గానీ యతికి ఇవ్వను.

గోదారి గాలి:
నూట డెబ్బదొకట నొక్కని బట్టిరి
పక్కు వాని కర్ర పాట వినును
దొంగ వోలె లాగి దొరవోలె నందించు
మొదటివాడు కాదు మొదటివాడు

నిర్వాహకుడు:
భేష్. పేరు చెప్పకపోయినా పావెల్ దత్స్యుక్ అని తెలిసిపోతోంది. 1998లో డెట్రాయిట్ జట్టు అతన్ని 171వ పేరుగా తీసుకుంది. మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం. వెనకనుంచి వచ్చి, ఎదుటివాడి కర్ర కిందికి తన కర్ర దూర్చి కాస్త పైకి లేపుతాడు. అవతలివాడు కిందికి చూసేసరికి పక్ ఉండదు. ఇంత దొంగతనం చేసినా 2006 నుంచి వరసగా నాలుగేళ్ళు పెద్దమనిషి ఆటకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ అతనికే. దొంగా నిజమే, దొరా నిజమే.

గణవిభజన:
‘కర్ర మాట వినును’ అనాలి కదా? యతి కోసం పాట చేశారు.

గోదారి గాలి:
యతి కోసమేనండీ, కాదనను. కానీ అతను పక్‌ను ఆడించే వీడియో ఒకటి చూడండి, మాట కంటే పాటే నయమనిపిస్తుంది.

రాజధాని రెడ్డి:
నేను ఒవెచ్కిన్ పక్షం. సమస్యను ఇంకోవైపునుంచి పట్టుకున్నాను.

ఎడమవైపు నిలిచి యెన్నేండ్లు కొట్టెనో
తెలిసి యాపలేరు ధీరులైన
గ్రెట్స్కి లెక్క దాటి కేకవేసెను జూడు
మొదటివాడు కాదు మొదటివాడు

నిర్వాహకుడు:
ఇక్కడ మొదటి ‘మొదటివాడు’ వేన్ గ్రెట్స్కీ అన్నమాట! ఎన్‌హెచ్‌ఎల్‌లో అందరికంటే ఎక్కువగా 894 గోల్స్‌తో ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్న పెద్దాయనను 2025 ఏప్రిల్ 6న ఒవెచ్కిన్ 895వ గోల్‌తో లేపేశాడు. అది కూడా ఎడమవైపు తన మామూలు చోటినుంచే, ఎదుటి గోలీ (గోల్ కాపలావాడు) ఇలియా సొరోకిన్ కూడా రష్యావాడే. పూరణ తెలివిగా ఉంది. అయితే అంశం సహజ ప్రతిభ. ఒకే చోటినుంచి ఒకే దెబ్బను ఇరవై ఏళ్ళు కొట్టడం సాధన కిందికి రాదా?

రాజధాని రెడ్డి:
2006 జనవరి 16న ఫీనిక్స్ జట్టు మీద వేసిన గోల్ చూశారా మాస్టారూ? కిందపడ్డాడు, వీపు మీద జారుతున్నాడు, ముఖం గోల్‌కి అవతలివైపు. ఆ స్థితిలో తలమీదుగా కర్ర చాచి పక్‌ను లోపలికి లాగేశాడు. అది ఏ కోచ్ నేర్పాడు? పైగా వాళ్ళమ్మ తత్యానా బాస్కెట్‌బాల్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి. రక్తంలో ఉండాలండీ.

నిర్వాహకుడు:
మరి ఆ గోల్ పద్యంలోకి ఎందుకు రాలేదు? వాదనలో ఉన్న బలం పూరణలో లేదు.

పిట్స్‌బర్గ్ తమ్ముడు:
పెన్ హిల్స్ వెంకన్న గుడి ఉన్న ఊరివాణ్ణి, నా ఓటు మాల్కిన్‌కే.

రెండువేల నాల్గు రెండవ వాడయ్యె
మాల్కినాడు వేళ మంచు కరగు
మనసు పెట్టెనేని మనకు వేరెవ్వడు
మొదటివాడు కాదు మొదటివాడు

గణవిభజన:
మంచు కరిగితే ఆట ఆగిపోతుంది తమ్ముడూ!

నిర్వాహకుడు:
రెండో పాదం అందరూ అనేదే. మూడోపాదంలో ‘మనసు పెట్టెనేని’ మాత్రం అసలు సంగతిని పట్టుకుంది. 2004 డ్రాఫ్ట్‌లో ఒవెచ్కిన్ తర్వాతి పేరు ఎవ్గెనీ మాల్కిన్. అంత పొడుగు మనిషి చేతుల్లో అంత మెత్తదనం అరుదు. అనవసరపు పెనాల్టీలూ గాయాలూ అతన్ని వెనక్కి లాగాయని అంటారు. 2011లో మోకాలు దెబ్బతిని, మరుసటి సీజన్లో 50 గోల్స్, 109 పాయింట్లతో, ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ పట్టుకెళ్ళినవాడు రోజూ అలాగే ఆడి ఉంటే ఈ తగువు ఉండేదే కాదు.

కొత్తకలం:
మొదటి ప్రయత్నం, కాస్త చూసీచూడనట్టు పోండి. బురే గణానికి లొంగలేదు, బూరె చేశాను.

బూరె పరుగు చూచి పోయెను ప్రాణమ్ము
గోలు కాపువారి గుండెలదరె
ఒక్క ఆటలోనె ఐదు గోల్ వేసెను
మొదటివాడు కాదు మొదటివాడు

గణవిభజన:
ప్రాణం పోయాక గుండె అదరడమేమిటండీ?

నిర్వాహకుడు:
ఆ చమత్కారం అటుంచి, మూడో పాదం చూద్దాం. ‘ఒ’కి ‘ఐ’తో యతి చెల్లదు, పైగా పద్యం మధ్యలో అచ్చులు అలా విడివిడిగా నిలబడకూడదు. ఇలా మార్చుకోండి:

ఐదు మార్లు వేసె నాటలో నొక్కడే

ఐ, ఆ రెండూ మిత్రులే. భావం మాత్రం మీకు తెలియకుండానే బాగా కుదిరింది. 1998 నగానో ఒలింపిక్స్ సెమీస్‌లో పావెల్ బురే ఫిన్లాండ్ మీద ఐదు గోల్స్ వేశాడు. ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ గోల్స్ అతనివే. ఫైనల్లో చెక్ జట్టు 1-0తో గెలిచి స్వర్ణం తన్నుకుపోయింది. గోల్స్‌లో మొదటివాడు పతకంలో మొదటివాడు కాలేదు.

కృష్ణాతీరం:
డ్రాఫ్ట్ అంకెను ప్రతిభకు కొలతగా పెట్టుకుంటే ఆ తరానికి అన్యాయం జరుగుతుంది. బురే 113, ఫెదొరోవ్ 74, మొగిల్నీ 89. వీళ్ళ ఆట ఎవరికీ తెలియక కాదు, సోవియట్ ప్రభుత్వం బయటికి వదులుతుందన్న నమ్మకం లేక. రాడో లేదో తెలియని కుర్రాడికోసం మొదటి అవకాశాన్ని ఏ జట్టు పాడుచేసుకుంటుంది? మొగిల్నీ 1989లో స్టాక్‌హోమ్‌లో సోవియట్ జట్టును వదిలేసి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు బఫెలోలో చేరాడు, 1992-93లో 76 గోల్స్ కొట్టాడు. అసలు ఆ లీగ్ గడపే తొక్కనివాడి మీద నా పూరణ:

కాలు విరుగగొట్ట గాని యాగని వాడు
కప్పు లేదు లీగు కాంచలేదు
లెక్కలోన లేడు లేడు వానికి సాటి
మొదటివాడు కాదు మొదటివాడు

నిర్వాహకుడు:
వలేరీ ఖర్లామోవ్! 1972లో కెనడాతో సిరీస్, ఆరో ఆటలో బాబీ క్లార్క్ కర్రతో అతని చీలమండ మీద కొట్టాడు. ఆటలో ఆపలేనివాణ్ణి ఎలా ఆపారో మీ మొదటి పాదం ఒక్క ముక్కలో చెప్పింది. పొట్టివాడని సైనిక క్లబ్ మొదట చెబార్కుల్ జట్టుకు పంపిన కుర్రాడు ఇతనే. 1981లో కారు ప్రమాదంలో పోయేనాటికి 33 ఏళ్ళు. ఈ వారానికి నా ఓటు దీనికే, పద్యశిల్పంలో దత్స్యుక్ పద్యం ఒక మెట్టు పైన ఉన్నాసరే.

రాజధాని రెడ్డి:
మరి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడనివాణ్ణి ఆడినవాళ్ళతో పోల్చేదెలా మాస్టారూ?

కృష్ణాతీరం:
1972లో ఎదురుగా ఆడింది ఎన్‌హెచ్‌ఎల్ వాళ్ళే కదండీ. మాంట్రియల్‌లో మొదటి ఆటలోనే వాళ్ళమీద రెండు గోల్స్ వేశాడు, సోవియట్ జట్టు 7-3తో గెలిచింది.

గణవిభజన:
మాంట్రియల్ సరే, ‘లేడు లేడు’ పునరుక్తి కాదా?

కృష్ణాతీరం:
మొదటి ‘లేడు’ లీగు పట్టికలో ఖర్లామోవ్ లేడని, రెండోది అతనికి సాటివాడు లేడని. మధ్యలో ఒక కామా పెట్టుకుని చదవండి, ‘గణవిభజన’ గారూ.