11 ఏళ్ల బాబుకి, 8 ఏళ్ల పాపకి మజిల్‌లోడర్ నేర్పించొచ్చా?

హారిస్‌బర్గ్ అమ్మ:
మేము ఉండేది పెన్సిల్వేనియాలో. పక్కింటి పెద్దాయనకి మజిల్‌లోడర్లంటే, అదే, మూతిలోంచి మందూ గుండూ నింపే పాతకాలం తుపాకులంటే పిచ్చి. క్రిస్మస్ అయ్యాక వచ్చే ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పుతో పేలే తుపాకీ) సీజన్‌లో ఏటా జింకల వేటకి వెళ్తాడు. మా బాబు ఆయన గ్యారేజీ వదిలి ఇంటికి రాడు. ఇప్పుడు "షూటింగ్ క్లబ్ రేంజ్‌లో పిల్లలిద్దరికీ నేర్పిస్తాను, మీరూ రండి" అంటున్నాడు. మావారు అప్పుడే సరే అనేశారు. నాకు మాత్రం టెన్షన్. మా అమ్మమ్మగారి ఊళ్లో నాటు తుపాకీ పగిలి రెండు వేళ్లు పోయిన మనిషిని చిన్నప్పుడు చూశాను. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ర్యామ్‌రాడ్ రావు:
నేర్పించొచ్చండి. ఓహాయోలో మా అబ్బాయి స్కౌట్ ట్రూప్‌కి రేంజ్ దగ్గర సాయం చేస్తుంటాను. నన్నడిగితే పిల్లలకి మామూలు రైఫిల్ కన్నా ఇదే నయం. ఒకసారి పేల్చాక మళ్లీ నింపితే గానీ పేలదు. తొందరపడదామన్నా కుదరదు. కాకపోతే ప్రమాదమంతా ఆ నింపడంలోనే ఉంది. అందుకే మొదట్లో తుపాకీ మందు పెద్దవాళ్ల చేతిలో, ట్రిగ్గర్ మాత్రం పిల్లల చేతిలో. మీ ఆయనకీ, పక్కింటాయనకీ ఈ ఒక్కటి ముందే చెప్పేయండి.

ఈ తుపాకీ నిండి ఉందో ఖాళీగా ఉందో బయట నుంచి చూస్తే తెలీదు. ర్యామ్‌రాడ్, అంటే గుండుని లోపలికి నెట్టే పొడుగు కడ్డీ, లోపలికి దించి చూడాల్సిందే. ఖాళీ గొట్టంలో అది ఎంతవరకు దిగుతుందో అక్కడ ఒక గీత, సరిగ్గా నింపాక ఎంతవరకు దిగుతుందో అక్కడ ఇంకో గీత పెట్టుకుంటారు. ఆయన రాడ్ మీద గీతలున్నాయేమో చూడండి. లేకపోతే నాకైతే అనుమానమే. మా ట్రూప్‌లో కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి పని ఇదే: రాడ్ దించి "ఖాళీ" అనో "నిండింది" అనో గట్టిగా చెప్పడం.

ఇక మందు. డబ్బాలోంచి గానీ మందు దాచే కొమ్ములోంచి గానీ నేరుగా గొట్టంలోకి వంపకూడదు. ఇందాకటి షాట్ తాలూకు నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే చేతిలో ఉన్న మందంతా అంటుకుంటుంది. చిన్న ఇత్తడి కొలతగొట్టంలోకి తీసుకుని, డబ్బా మూత బిగించి దూరంగా పెట్టి, అప్పుడు పోయాలి. షాట్‌కీ షాట్‌కీ మధ్య గొట్టం లోపల తడి గుడ్డముక్కతో తుడవమనేదీ ఆ రవ్వ ఆరిపోవడానికే. .45 రైఫిల్ (గొట్టం లోపలి వెడల్పు .45 అంగుళం) అయితే పిల్లలకి నేను మందు 40 గ్రెయిన్లు, అంటే సుమారు రెండున్నర గ్రాములు, దాటనివ్వను. భుజానికి తన్నదు, 25 గజాల్లో కాగితానికి బొక్క పడుతుంది, ఇంకేం కావాలి? బ్లాక్ పౌడర్ (పాతకాలం నల్ల మందు) గానీ, దాని బదులు వాడే పైరోడెక్స్ లాంటిది గానీ పోయాలి. ఇప్పటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వద్దు. గొట్టాలు పగిలేది అలాంటి వాటితోనే. గుండు మందుకి ఆనకుండా మధ్యలో ఆగిపోయినా అదే ప్రమాదం.

రాడ్‌ని మూతికి జానెడు పైన వేళ్లతో పట్టుకుని కొంచెం కొంచెంగా దించాలి. కొసన అరచెయ్యి పెట్టి ఒక్కసారిగా నొక్కితే చెక్క రాడ్ విరిగి చేతిలో దిగుతుంది. ఇంకో సంగతి, పెన్సిల్వేనియా రైఫిల్ చాలా పొడుగు. నిలబెడితే మూతి మీ బాబు తల దాకా వస్తుంది. మూతి మీదకి మొహం రాకుండా నింపేంత ఎత్తు ఎదిగేదాకా వాడు నింపనక్కర్లేదు.

ఆయన ఫ్లింట్‌లాక్‌తోనే మొదలుపెడతానంటే, క్యాప్‌లాక్ (రాయి బదులు, చిన్న లోహపు క్యాప్ మీద సుత్తి పడితే పేలేది) ఉందేమో అడగండి. ఫ్లింట్‌లాక్‌లో కళ్ల ముందే భగ్గుమంటుంది, పక్కనున్న చిన్న రంధ్రంలోంచి మంట చిమ్ముతుంది. పిల్లలు బెదిరి కళ్లు మూసుకుంటారు. ఏదైనా సరే కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు, నూలు బట్టలు. నైలాన్ జాకెట్ వద్దు. క్యాప్ పెట్టడం అన్నిటికన్నా చివర, ఫైరింగ్ లైన్ మీద, మూతి టార్గెట్ వైపు ఉన్నాకే. అసలు నింపకముందే ఉత్త క్యాప్ ఒకటి పెట్టి, మూతిని కిందున్న గడ్డిపరక వైపు పెట్టి కొడతాం. పరక ఊగితే లోపల దారి శుభ్రంగా ఉన్నట్టు. పిల్లలు దీనికే మురిసిపోతారు!

"టిక్" మని పేలకుండా ఊరుకుందనుకోండి, పిల్లలు చేసే మొదటి పని తుపాకీని తమ వైపు తిప్పి చూడటం. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం నిమిషం ఆగాలి. ఇది నేను ముందే నేర్పిస్తాను. ఖాళీ తుపాకీలో చెకుముకి రాయి బదులు చెక్కముక్క బిగించి, ట్రిగ్గర్ నొక్కి కదలకుండా అరవై లెక్కపెట్టమంటాను. అరవై దాకా ఆగలేని పిల్లాడికి ఆ రోజు గుండు లేదు. వాడు ఏడ్చినా సరే.

పాప సంగతి: స్కౌట్స్‌లో ఆ వయసువాళ్లకి బీబీ గన్, విల్లంబుల వరకే. మజిల్‌లోడర్ పెద్ద స్కౌట్లకి, అదీ ఒక్కొక్కరి పక్కన పెద్దవాళ్లు ఒకరుంటేనే.

డల్లాస్ బాబాయ్:
అమ్మా, మీ వీసా ఏంటి? హెచ్-1బీ, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మామూలు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. బ్లాక్ పౌడర్ మజిల్‌లోడర్లు చాలావరకు ఆ చట్టం చెప్పే తుపాకీ కిందకి రావు, కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. రేంజ్‌లో పక్క బెంచీ ఆయన సరదాగా "ఈ .22 (మామూలు తూటా రైఫిల్) ఒకసారి పేల్చి చూడు" అంటే మీవారు చెయ్యి చాచకూడదు. ముందు లాయర్‌ని అడగండి.

పెరటి కరివేపాకు:
నాకైతే పిల్లలకి తుపాకీ అంటేనే నచ్చదు, మొహమాటం లేకుండా చెప్తున్నా. వెళ్లడమే ఖాయమైతే ఒకటి గుర్తుంచుకోండి. గుండ్లు సీసంవి. తుపాకీ నింపే బల్ల మీద చేగోడీల డబ్బా తెరవద్దు. సబ్బుతో చేతులు కడిగాకే ఏదైనా తినాలి. ఇంటికి రాగానే ఆ బట్టలు విడిగా ఉతకండి.

హారిస్‌బర్గ్ అమ్మ:
అందరికీ థాంక్సండీ. బాబాయ్ గారూ, మాకు గ్రీన్ కార్డ్ వచ్చేసింది. రావుగారూ, ఆయన రాడ్ మీద రెండు గీతలూ ఉన్నాయి, .45 క్యాప్‌లాక్ కూడా ఉందట. బాబు పొద్దున్నుంచీ అరవై లెక్కపెడుతూ తిరుగుతున్నాడు. పాప అలిగింది, తనకేం పని లేదని.

ర్యామ్‌రాడ్ రావు:
గడ్డిపరక ఊగిందో లేదో చెప్పే పని పాపకి ఇవ్వండి, లైన్ వెనక నుంచే. తర్వాత కడగడం ఉంది. బ్లాక్ పౌడర్ మసికి తుప్పు తొందరగా పడుతుంది, ఆ రోజే వేడి సబ్బునీళ్లతో కడగాలి. నీళ్లు పోసేది పెద్దవాళ్లు, గుడ్డముక్కలు అందించేది పాప. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, వంటగదిలో మాత్రం పెట్టుకోకండి.