సమస్య: కడలి కొండ నెక్కి కాఫి తాగె

నిర్వాహకుడు: విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. అనంతగిరిలో కారు ఆపి కాఫీ తాగుతుంటే ఈ పాదం తట్టింది. దీనితో ముగిసేలా పద్యం పూరించండి. ‘త్రాగె’ అని క్రావడి (ర-వత్తు) పెట్టమని పోరకండి, కావాలనే తీసేశాను.

తీరవాసి:
డముకు మలుపులందు డస్సి తూలిన పిల్ల
వాంతి సంచి చేత వంగి యుండె
గాలికొండ గాలి కాస్త సోకగ లేచి
కడలి కొండ నెక్కి కాఫి తాగె
(కడలి మా పాప. డముకు, గాలికొండ అరకు ఘాట్ దారిలోవి.)

పాతపలక: ‘గాలికొండ గాలి’కి వంద మార్కులు. కానీ పాప పేరు కడలి అని పద్యంలో ఏదీ? బ్రాకెట్లో చెబితే చెల్లదు. గత నెల పద్యంలో గోదారిని మేనత్తను చేశారు, ఇప్పుడు కడలి కూతురు. ఇంకా ఎంతమంది ఉన్నారు మీ ఇంట్లో?

తీరవాసి: ముందు సీట్లో కూర్చుని యతులు (పాదంలో అక్షరాల పొత్తు) లెక్కపెట్టేవారికి వెనక సీటు బాధ ఏం తెలుస్తుంది లెండి. మీదీ వదలండి, చూద్దాం.

పాతపలక:
సెలవు రోజటంచుఁ జేరిరి కార్లలో
కోట దాటు వరకె కొంప మునిగె
ఆగి సాగి యాగి యరకు దారిని జన
కడలి కొండ నెక్కి కాఫి తాగె

మన్యం అల్లుడు: మూడో పాదం చదువుతుంటే ఘాట్‌లో ఫస్ట్ గేర్ వేసినట్టే ఉంది. కోట అంటే మన ఎస్.కోటే (శృంగవరపుకోటే) కదా!

తీరవాసి: గేర్ సంగతి సరే. ‘జన కడలి’ వైరి సమాసం కాదూ? నా బ్రాకెట్టు చెల్లదన్న పెద్దమనిషి సంస్కృతానికీ తెలుగుకీ పెళ్లి చేసేశారు.

నిర్వాహకుడు: ‘యరకు దారి జనుల’ అంటే సరి. గణం (గురులఘువుల లెక్క) కూడా చెడదు.

మన్యం అల్లుడు:
పసుపు వలిసె పూలు పలుకరింపగఁ, దోట
మిరియ తీగ చెట్టు మీది కెగయ
బావ వేకువందె పరుగులిడుచు వీడి
కడలి, కొండ నెక్కి కాఫి తాగె

పాతపలక: భేష్! ఒక్క కామాతో పని కానిచ్చారు. పేర్లు పెట్టలేదు, బంధువుల్ని పిలవలేదు.

తీరవాసి: బావ చుట్టం కాదా? పైగా ఈ బావ ఏ దారిన వెళ్లాడండీ? సిల్వర్ ఓక్ మీద మిరియం పాకే కాఫీ తోటలు ముందు అనంతగిరిలో తగులుతాయి. వలిసె (నూనెగింజల పంట) చేలు ఆ తర్వాత, అరకు లోయలో. మీ పద్యంలో తిరుగు ప్రయాణం జరుగుతోంది.

మన్యం అల్లుడు: పాదాలు తారుమారు చేస్తే యతికి ఢోకా లేదు గాని, గణాలు చెడతాయి, ‘తోట’ కూడా తెగిపోతుంది. ఉండనివ్వండి.

మబ్బుతునక:
ఎండ కావిరగుచు నెగసి మేఘంబయి
గోస్తనికినిఁ దాను కొసరి యిచ్చి
కప్పు మీది పొగనుఁ గలిసి యబ్బురముగ
కడలి కొండ నెక్కి కాఫి తాగె

నిర్వాహకుడు: ఈసారికి నా ఓటు దీనికే. కడలిని కడలిగానే ఉంచి కొండ ఎక్కించారు. కొసరిచ్చిన నీళ్లు కూడా గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి భీమిలి దగ్గర మళ్లీ దానికే అప్పజెబుతుంది.

పాతపలక: ‘కొసరి’ దగ్గర నేనూ ఆగిపోయాను. ఒప్పుకోక తప్పదు.

తీరవాసి: ఒప్పుకోవడం మొదలుపెట్టారు కాబట్టి, గత నెల మీ కంద పద్యంలో రెండో పాదం ప్రాస సంగతి కూడా తేల్చండి. ఇంకా దిద్దనే లేదు.