యున్నాన్ కొండ ఊరి బడికి సేకరించే విరాళాన్ని దేనికి ఖర్చు పెడితే మేలు?

ప్రశ్న (కున్‌మింగ్, వైద్య విద్యార్థిని)

నమస్కారం. నేను కున్‌మింగ్‌లో వైద్యవిద్య నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మా విశ్వవిద్యాలయంలో చైనా విద్యార్థులు, మాలాంటి విదేశీ విద్యార్థులు కలిసి నడుపుకొనే స్వచ్ఛంద సేవా బృందం ఒకటి ఉంది. ఈ ఏడాది యున్నాన్ ప్రావిన్స్ ఈశాన్య మూలన, జావ్‌తోంగ్ ప్రాంతంలో ఉన్న ఒక కొండ ఊరి ప్రాథమిక పాఠశాల కోసం 40,000 యువాన్లు సేకరించాలని నిర్ణయించుకున్నాం. ఆ బడిలో 64 మంది పిల్లలు, అయిదుగురు ఉపాధ్యాయులు ఉన్నారు. సగం మందికి పైగా పిల్లల తల్లిదండ్రులు గ్వాంగ్‌డాంగ్, జెజియాంగ్ వైపు ఫ్యాక్టరీ పనులకు వెళ్లిపోవడంతో వారు అవ్వాతాతల దగ్గరే పెరుగుతున్నారు.

పోయిన నవంబరులో మాలో నలుగురం వెళ్లి చూసివచ్చాం. నేను రెండో తరగతి గదిలో ఒక పూటంతా కూర్చున్నాను. పిల్లల వేళ్లు చలికి ఎర్రగా వాచి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. నా పక్కన కూర్చున్న పాప పెన్సిలు పట్టుకునే ముందు ప్రతిసారీ వేళ్లను నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ ఉంది. తిరిగి వచ్చాక మా బృందంలో తలా ఒక మాట అంటున్నారు. గ్రంథాలయం పెడదామని ఒకరు, కంప్యూటర్లు కొందామని ఇంకొకరు, గోడలకు రంగులు వేయించి పిల్లలకు చలికోట్లు ఇద్దామని మరికొందరు పట్టుబడుతున్నారు. ఈ డబ్బు దేనికి వెచ్చిస్తే ఆ పిల్లలకు నిజంగా ఉపయోగపడుతుంది? సేకరణ విషయంలో కూడా నాకు సందేహం ఉంది. బృందం నాయకుడికి ఫోన్‌తో డబ్బు పంపే వీచాట్ యాప్ క్యూఆర్ కోడ్‌ను పోస్టర్ మీద వేసి క్యాంపస్‌లో అంటిస్తే సరిపోతుందని కొందరు అంటున్నారు. అది సరైన పద్ధతేనా?

సమాధానం (గుయ్‌యాంగ్, పూర్వ విద్యార్థి)

ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ తప్పటడుగు పడితే మొదటి ప్రశ్నకు అవసరమే ఉండదు. దయచేసి ఆ పోస్టర్ అంటించకండి. చైనాలో 2016 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న దాతృత్వ చట్టం ప్రకారం, ప్రజల నుంచి బహిరంగంగా విరాళాలు సేకరించే అర్హత పత్రం ఉన్న సంస్థలే ఆ పని చేయాలి. అర్హత లేని బృందాలు, వ్యక్తులు అలాంటి సంస్థతో కలిసి పనిచేయవచ్చు గానీ, డబ్బు ఆ సంస్థ ఖాతాలోకే చేరాలి, లెక్కలు కూడా అదే చూపాలి. ఇంటర్నెట్ ద్వారా సేకరించాలంటే పౌర వ్యవహారాల మంత్రిత్వ శాఖ గుర్తించిన వేదికల మీదనే సేకరించాలి. 2023 చివర సవరించి, 2024 సెప్టెంబరు 5 నుంచి అమలు చేస్తున్న నిబంధనలు ఈ భాగస్వామ్యాలను ఇంకా గట్టి చేశాయి. దాత తనంతట తాను నేరుగా బడికి విరాళం ఇవ్వడానికి చట్టం అడ్డు చెప్పదు; మీరు మధ్యలో నిలబడి పదిమంది దగ్గర వసూలు చేయడమే ఇబ్బంది. మీ విశ్వవిద్యాలయంలో కమ్యూనిస్టు యువజన సంఘం శాఖ ఉంటుంది కాబట్టి, దాని ద్వారా ప్రావిన్స్ స్థాయి యువజన అభివృద్ధి నిధి అనే దాతృత్వ సంస్థను సంప్రదించడం అన్నిటికంటే దగ్గరి దారి. విదేశీ విద్యార్థులుగా మీరు విదేశీ విద్యార్థుల కార్యాలయానికి కూడా ముందే తెలియజేయండి.

ఇక డబ్బు సంగతి. నేను చదువుకునే రోజుల్లో మా బృందం గుయ్‌జౌ కొండల్లోని ఒక బడికి తాగునీరు కాచే యంత్రం కొనిపెట్టింది. ప్రారంభోత్సవం రోజున పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడితే మాకు కళ్లు చెమర్చాయి. మరుసటి ఏడాది వెళ్లేసరికి ఆ యంత్రం మీద గుడ్డ కప్పి, దాని ముందు చీపుళ్లు ఆనించి పెట్టి ఉన్నాయి. గుయ్‌జౌలో చాలా భాగం సున్నపురాయి నేల కావడం వల్ల నీటిలో సున్నం ఎక్కువ; లోపలి కాయిల్ మీద అది రాయిలా పేరుకుపోయి, వేడెక్కడం మానేసింది. దాన్ని శుభ్రం చేయడం ఎవరికీ నేర్పలేదు, మార్చడానికి విడిభాగం ఇవ్వలేదు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో ముందు మాట్లాడుకోలేదు. ఆ తప్పు పూర్తిగా మాదే. ఆ తర్వాత నుంచి మేము ఏ వస్తువు కొన్నా, విరాళంలో కొంత భాగాన్ని మూడేళ్ల నిర్వహణ కోసం తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాం. మీ 40,000లో పదివేలు అలా కేటాయించండి. మిగిలిన ముప్పైవేలతో చేసే చిన్న పని ఎక్కువ కాలం నిలుస్తుంది.

సమాధానం (షీఆన్, విద్యారంగ పరిశోధకురాలు)

గుయ్‌యాంగ్ వారు చెప్పినదంతా సరైనదే. దానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఆ బడి ఇంకో అయిదేళ్లు ఉంటుందా?

ఇది అనవసరమైన అనుమానం కాదు. 1989 అక్టోబరులో చైనా యువజన అభివృద్ధి నిధి, పేద ఊళ్ల పిల్లల చదువుకు విరాళాలతో సాయపడే హోప్ ప్రాజెక్టును మొదలుపెట్టి, 1990లో అన్‌హుయి ప్రావిన్స్ జిన్‌జాయ్ కౌంటీలో (మన జిల్లా లాంటి పాలనా విభాగం) మొదటి హోప్ ప్రాథమిక పాఠశాలను తెరిచింది. అప్పట్లో పేద కుటుంబాలు ఫీజు కట్టలేక పిల్లలను బడి మాన్పించేవి, ఊళ్లలో గట్టి భవనాలు కూడా ఉండేవి కావు, అందుచేత భవనం కట్టించడమే పెద్ద సాయం. కానీ 2001 నుంచి ప్రభుత్వం ఊరి బడులను మూసి టౌన్‌షిప్ (కౌంటీ లోపలి చిన్న పాలనా విభాగం) కేంద్రాల్లోని పెద్ద బడుల్లో కలపడం మొదలుపెట్టింది. 2012లో ఆ విధానానికి కళ్లెం వేసేనాటికి గ్రామీణ ప్రాథమిక పాఠశాలల సంఖ్య సగానికంటే తక్కువకు పడిపోయింది. దాతల పేర్లు చెక్కిన రాతి పలకలతో సహా ఎన్నో హోప్ పాఠశాలల భవనాలు ఖాళీగా మిగిలిపోయాయి. ఇప్పుడు జననాల రేటు కూడా తగ్గడంతో చిన్న బడుల భవిష్యత్తు మళ్లీ ప్రశ్నార్థకం అయింది. కాబట్టి కౌంటీ విద్యాశాఖకు వెళ్లి వారి పాఠశాలల ప్రణాళికలో ఈ బడి ఉందో లేదో అడగండి. ఉండదని తెలిస్తే, గోడలకు కాకుండా పిల్లలతో పాటు కొత్త బడికి వెళ్లగలిగే వాటికి ఖర్చు పెట్టండి.

రెండో సంగతి, ప్రభుత్వం ఇప్పటికే ఇస్తున్న వాటిని మీరు మళ్లీ కొనకండి. గ్రామాల్లో నిర్బంధ విద్య ఫీజులను 2006లో పశ్చిమ ప్రావిన్సుల్లో, 2007లో దేశమంతటా ఎత్తివేశారు. పాఠ్యపుస్తకాలు ఉచితం. 2012 నుంచి పిల్లలు వాడే షిన్‌హువా చైనీస్ నిఘంటువు కూడా ఉచితంగానే అందుతోంది, అయినా విరాళాల పెట్టెల్లో అదే నిఘంటువు ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. మధ్యాహ్న భోజనానికి 2011లో రోజుకు 3 యువాన్లతో మొదలైన పోషకాహార పథకం 2021 నాటికి 5 యువాన్లకు చేరింది. నిర్వహణ ఖర్చుల కింద 2023 నుంచి ప్రాథమిక పాఠశాలకు ఒక్కో విద్యార్థికి ఏడాదికి కనీసం 720 యువాన్లు ఇస్తున్నారు, వంద మంది కంటే తక్కువ ఉన్న గ్రామీణ బడిని వంద మంది ఉన్నట్టే లెక్కిస్తారు. అంటే మీ 64 మంది బడికి ఏటా కనీసం 72,000 యువాన్ల నిర్వహణ డబ్బు లెక్క ఉన్నట్టు. అది ఎక్కడ సరిపోవడం లేదో ప్రధానోపాధ్యాయుడిని ప్రేమగా, ఓపికగా అడగండి, జాబితా అక్కడే దొరుకుతుంది.

మీరు వైద్య విద్యార్థులు కాబట్టి ఒక మాట. షాన్‌షీ, గన్సు ప్రావిన్సుల్లో 252 ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన ఒక అధ్యయనం 2014లో ప్రచురితమైంది. దూరంలోనివి సరిగా కనిపించని సమస్య (మయోపియా) ఉన్న పిల్లల్లో అద్దాలు పెట్టుకున్నవారు చాలా కొద్దిమంది. ఉచితంగా అద్దాలు ఇచ్చాక వారి గణితం మార్కులు మెరుగుపడ్డాయి. కళ్లజోడు పిల్లవాడి వెంటే ఉంటుంది, బడి మూతపడినా వృథా కాదు. కంటి పరీక్షకు అర్హత ఉన్న ఆప్టోమెట్రిస్ట్‌ను (చూపు పరీక్షించే నిపుణుడిని) వెంట తీసుకువెళ్లండి. అద్దాలు పెట్టుకుంటే చూపు ఇంకా పాడవుతుందని భయపడే అవ్వలు ఉంటారు, మీరు ఎక్కువ సమయం వారితో మాట్లాడడానికే కేటాయించండి.

సమాధానం (చెంగ్డూ, అధ్యాపకుడు)

కళ్లజోళ్ల ఆలోచన మంచిదే గానీ, ఆ పాప వేళ్లను మరచిపోకూడదని నా మనవి. చైనాలో ప్రభుత్వం అందించే శీతాకాలపు వేడి సరఫరా చిన్‌లింగ్ పర్వతాలు, హువాయ్ నది గీతకు ఉత్తరాన ఉన్న నగరాలకే అలవాటు. జావ్‌తోంగ్ ఆ గీతకు దక్షిణాన ఉంది, అయినా ఎత్తు వల్ల చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. 2018 జనవరిలో అదే జావ్‌తోంగ్‌లోని లూదియాన్ కౌంటీలో కిలోమీటర్ల కొద్దీ నడిచి బడికి వచ్చిన ఒక బాలుడి జుట్టు, కనుబొమలు మంచు పట్టి తెల్లబడిన ఫొటోను దేశమంతా చూసింది, విరాళాలు వెల్లువెత్తాయి. ఆ ఫొటో అందరి మనసులనూ కదిలించిన మాట నిజమే. మీరు మాత్రం పిల్లల ముఖాలతో పోస్టర్లు వేయకండి. పేదరికానికి బొమ్మగా మారిన పిల్లవాడు ఆ తర్వాత అదే తరగతిలో, అదే ఊళ్లో బతకాలి. వైరింగ్ ఫొటో వేయండి, పగిలిన కిటికీ ఫొటో వేయండి.

వైరింగ్ అని ఊరికే అనలేదు. గదికి రెండు కిలోవాట్ల హీటరు చొప్పున ఆరు గదులకు పెడితే పన్నెండు కిలోవాట్లు అవుతుంది. పాత తీగలు ఆ బరువు మోయలేక కాలిపోతాయి. బొగ్గు పొయ్యిలు చౌక అని మూసిన గదుల్లో పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఎంతటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందుకని ముందు కిటికీ సందులు మూయించండి, తర్వాత లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో లోడ్ లెక్క కట్టించండి, హీటర్లు ఆ తర్వాతే.

ఇంకొక్కటి, మీ ప్రయాణ ఖర్చులను విరాళంలోంచి తీయకండి. వారం రోజుల పాఠాలు చెప్పడానికి ఇరవైమంది వెళ్లే ఆనవాయితీ నాకు నచ్చదు. పిల్లలు దగ్గరవుతారు, ఏడో రోజున అందరూ బస్సెక్కుతారు. తల్లిదండ్రులను ఏడాదికొకసారి మాత్రమే చూసే పిల్లలకు అలాంటి వీడ్కోలు తేలికైన విషయం కాదు. నలుగురు వెళ్లండి, ఏటా ఆ నలుగురే వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పోస్టర్ ఆలోచన మానుకున్నాం, యువజన సంఘం శాఖ ద్వారా దరఖాస్తు పెట్టాం. నిన్న ప్రధానోపాధ్యాయుడితో గంటసేపు ఫోన్‌లో మాట్లాడాను. గ్రంథాలయం గురించి అడిగితే, మూడేళ్ల కిందట వచ్చిన పుస్తకాలు ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే బీరువాలో ఉన్నాయని, అవి పెద్దవాళ్లు చదివే వ్యాపార పుస్తకాలని ఆయన మొహమాటపడుతూ చెప్పారు. బడి మాత్రం కౌంటీ ప్రణాళికలో ఉంది, ఎందుకంటే టౌన్‌షిప్ కేంద్రానికి వెళ్లే దారి వానాకాలంలో కొండచరియలు పడి తెగిపోతుంది. మీకు మొట్టమొదట ఏది కావాలని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, ఉత్తరం వైపు ఉన్న మూడు గదుల తలుపులు కిందివరకు పడడం లేదని, గాలి ఆ సందుల్లోంచే వస్తుందని అన్నారు. ఆ తలుపుల కొలతలు పంపమని అడిగాను. ఎలక్ట్రీషియన్ వచ్చే ఆదివారం వెళుతున్నారు, ఆప్టోమెట్రిస్ట్ కోసం మా ఆసుపత్రి కంటి విభాగంలో అడుగుతున్నాను.