మగవాళ్లే లేని లోకం కథలు ఇంకేమున్నాయి?

షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1915లో రాసిన ‘హర్‌ల్యాండ్’ నవల ఈమధ్యే చదివాను. రెండు వేల ఏళ్లుగా అంతా ఆడవాళ్లే ఉన్న దేశం, మగతోడు లేకుండానే పిల్లల్ని కంటారు. వాళ్ల బట్టలనిండా జేబులే! అది భలే నచ్చింది. కానీ కథ చెప్పేది అక్కడికెళ్లిన ముగ్గురు మగవాళ్లలో ఒకడు. పైగా ఆ ఆడవాళ్ల మధ్య గొడవలే ఉండవట. నలుగురు అక్కచెల్లెళ్ల మధ్య పెరిగినదాన్ని, ఎలా నమ్మను?

బెంగాలీ రచయిత్రి బేగం రొకెయా 1905లో మద్రాసు పత్రికలో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ కథ కూడా చదివాను. సరదాగా ఉంది గానీ, అందులో మగవాళ్లు గోషాలో ఉంటారు, అసలు లేకుండా పోరు.

అక్కడి ఆడవాళ్లే చెప్పే కథ, పొలం పనులూ పంపకాలూ తగాదాలూ అన్నీ ఉన్నది ఏదైనా చెప్తారా? తెలుగులో ఎవరైనా రాశారా? అనువాదమైనా పర్లేదు.