గాలిమరల నిధి వస్తే సంఘాలకా, షాపులకా, పంచాయతీకా?

తీరంవాసి:
మాది ఒడిశాలో గోపాల్‌పూర్ పక్కన ఒక చేపలవాడ. మొన్న చలికాలంలో ఇసుక దిబ్బల అవతల ఎవరో కంపెనీ వాళ్ళు గాలి కొలిచే స్తంభం పాతి వెళ్ళారు. గాలిమరలు వస్తాయో రావో దేవుడికెరుక. మా టీకొట్టు దగ్గర మాత్రం కంపెనీ ఊరికి ఇచ్చే డబ్బు పంపకాలు అప్పుడే మొదలయ్యాయి.

స్కాట్లాండ్‌లో ఉన్న మా మేనత్త కొడుకుతో ఈ ముక్క అంటే, అక్కడ ఇది మామూలే అన్నాడు. గాలిమరలు పెట్టిన కంపెనీ చుట్టుపక్కల ఊళ్ళకి మెగావాట్‌కి ఏడాదికి 5,000 పౌండ్లు ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం సూచించింది. చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం లాంటిది. ధరలు పెరిగిన కొద్దీ ఆ మొత్తమూ పెరగాలి. షెట్లాండ్ దీవుల్లో వైకింగ్ అనే ప్రాజెక్టులో 103 మరలు, 443 మెగావాట్లు. ఆ లెక్కన ఏడాదికి 22 లక్షల పౌండ్లు. ఇలాంటి నిధులతో ఊరి హాలు బాగుచేసుకుంటారు, ఆటల క్లబ్బు నడుపుకుంటారు, ముసలివాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి పెట్టుకుంటారు. మూతపడబోయే కిరాణా కొట్టుని ఊరివాళ్ళే కలిసి నడుపుకున్న చోట్లూ ఉన్నాయట.

మనమూ అడగాలా? అడిగితే ఎవరి చేతికి ఇమ్మనాలి? మహిళా సంఘాలకీ, చిన్న వ్యాపారాలకీ నేరుగా రావాలంటాను నేను. పంచాయతీకి ఇస్తే ఇంకో సిమెంటు రోడ్డు, దాని మొదట్లో ఇంకో ఆర్చి.

పర్లాకిమిడి పెద్దాయన:
ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నాయనా. అయినా అడిగావు కాబట్టి చెప్తాను.

నేను దీన్ని నిధి అనను, నోరు కట్టే డబ్బు అంటాను. మన దేశంలో గాలి విద్యుత్తుకి 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ వర్తించదు. అంటే దాని కింద ప్రజాభిప్రాయ సేకరణా లేదు. ఊరిని అడగాల్సిన పని చట్టమే తీసేసింది. ఆ తర్వాత కంపెనీ వచ్చి గుడికి రంగు వేయించి, కుర్రాళ్ళకి క్రికెట్ కిట్లు ఇస్తే, రుషికుల్య నది ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్ళ సంగతి ఎవడడుగుతాడు? దిబ్బల మీద రోడ్డు వేస్తే పడవలు ఎక్కడ లాక్కుంటారని ఎవడడుగుతాడు?

పన్ను అడగండి. సెల్ టవర్ల మీద ఆస్తి పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. టవర్‌కి వర్తించిన న్యాయం వందమీటర్ల స్తంభానికి ఎందుకు వర్తించకూడదని పల్లిసభలో, అంటే ఊరందరి సభలో, అడగండి. పన్ను అయితే హక్కు. నిధి అయితే దయ.

లెక్కల మాస్టారు:
పెద్దాయన గారి కోపం న్యాయమైనదే గానీ, పన్ను పంచాయతీ ఖాతాలో పడ్డాక చేపలవాడకి ఎంత వస్తుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి పక్కనపెట్టి ముందు అంకెలు చూద్దాం. అందరూ 5,000 పౌండ్లు అనగానే కళ్ళు పెద్దవి చేస్తున్నారు.

50 మెగావాట్ల ప్రాజెక్టు అనుకోండి. స్కాట్లాండ్ లెక్కన 2.5 లక్షల పౌండ్లు. పౌండు 110 రూపాయలనుకుంటే 2.75 కోట్లు. ఇప్పుడు కంపెనీ ఆదాయం. పూర్తి సామర్థ్యంలో సగటున 30 శాతం కరెంటు వస్తే (మన తీరంలో వస్తుందని నేను హామీ ఇవ్వను) ఏడాదికి 13.14 కోట్ల యూనిట్లు. యూనిట్ 3 రూపాయలకి అమ్మితే 39.4 కోట్లు. అందులో 2.75 కోట్లంటే దగ్గర దగ్గర 7 శాతం, అదీ ఖర్చులూ వడ్డీలూ తీయకముందు. 2017 చివర, 2018 మొదట్లో మన దేశంలో గాలి కరెంటు వేలంలో యూనిట్ రేటు 2.43, 2.44 రూపాయల దాకా పడిపోయింది. ఆ రేట్లకి ఒప్పుకున్నవాడిని 7 శాతం అడిగితే దండం పెట్టి వెళ్ళిపోతాడు.

కాబట్టి అక్కడి అంకెను ఇక్కడికి మోసుకురాకండి. మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2008 జలవిద్యుత్ విధానంలో రాష్ట్రానికి ఇచ్చే 12 శాతం ఉచిత కరెంటుకి అదనంగా ఇంకో 1 శాతం స్థానిక అభివృద్ధి నిధికి పెట్టారు. నీటికి ఉన్నది గాలికి ఎందుకు లేదు? పై లెక్కలో 1 శాతం అంటే ఏడాదికి 39 లక్షలు. ఇది అడగదగ్గ అంకె.

ఇంకొకటి. కంపెనీ మనిషి వచ్చి "మేము ఎలాగూ సీఎస్ఆర్ ఇస్తాం కదా" అంటాడు. సీఎస్ఆర్ అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టాల్సిన ఖర్చు. అక్కడ జాగ్రత్త. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం. అదీ నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీకే. గాలి ప్రాజెక్టులకి చాలాసార్లు వేరే చిన్న కంపెనీ పెడతారు, నెత్తిన అప్పు ఉంటుంది. దాని పుస్తకాల్లో మొదటి కొన్నేళ్ళు లాభం కనపడకపోతే 2 శాతం ఆఫ్ సున్నా ఎంత? అందుకే నిధిని మెగావాట్ మీదో యూనిట్ మీదో లెక్క కట్టమనండి, లాభం మీద వద్దు. ఐర్లండ్‌లో 2020లో మొదలైన ప్రభుత్వ వేలం పథకంలో ఇది షరతే: మెగావాట్ అవర్‌కి (అంటే వెయ్యి యూనిట్లకి) 2 యూరోలు నిధికి వేయాలి. ఒక కిలోమీటరు లోపల ఇల్లున్నవాళ్ళకి అందులోంచి ఏడాదికి కనీసం 1,000 యూరోలు.

కోటబొమ్మాళి కోడలు:
మాస్టారూ, మీ లెక్క బాగుంది. నేను డబ్బు వచ్చాక జరిగేది చెప్తాను.

మా అత్తవారి వాడ ఒడిశాలోనే. అక్కడ ఆడవాళ్ళ సంఘం ఉంది, పదమూడు మంది. ఎండు చేపలమ్ముతారు. కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీ (పేరు వద్దులెండి) మా సంఘానికి కుట్టు మిషన్లు ఇచ్చింది. పది. ఎవరూ అడగలేదు. రిబ్బన్ కట్ చేశారు, ఫొటో తీశారు, లడ్డూలు పంచారు. నేర్పడానికి వచ్చిన అమ్మాయి మూడు వారాలు వచ్చి మానేసింది. ఇప్పుడు ఆ మిషన్ల మీద వలలు ఆరేస్తున్నారు. ఒకటి మాత్రం పనిచేస్తుంది, మా తోటికోడలు జాకెట్లు కుడుతుంది.

వాళ్ళకి కావలసింది ఏటో తెలుసా? నెత్తళ్ళు ఇసుక మీద ఆరబోస్తే ఇసుక అంటుకుంటుంది. వ్యాపారి గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది చూపిస్తాడు, "చూడమ్మా, నువ్వు నాకు సముద్రం కూడా అమ్ముతున్నావు" అని, కిలోకి తగ్గించేస్తాడు. నడుమెత్తు కర్రలు పాతి, మీద వల బిగించి ఆరబెడితే ఆ మాట పడక్కర్లేదు. మబ్బు పట్టినప్పుడు కప్పడానికి టార్పాలిన్, ఒక ఐస్ పెట్టె. అంతే. దీనికి కోట్లు అక్కర్లేదు. అడిగేవాడే లేడు.

ఇంకో సంగతి ఎవరూ రాయలేదు. దరఖాస్తు ఒడియాలో ఉంటుంది. మా అత్త వాళ్ళ సంఘం తీర్మానాల పుస్తకం తెలుగులో ఉంటుంది. క్రితంసారి ఆఫీసులో ఆ పుస్తకం చూసి "ఇది చెల్లదు, తిరగరాసుకురండి" అన్నారు. రాసిచ్చినవాడు పేజీకి ఇంత అని తీసుకున్నాడు. నిధి ఎంత పెద్దదైనా ఈ బల్ల దగ్గరే ఆగిపోతుంది.

అప్పడాల షాపు:
బరంపురం నుంచి. మాది మూడు తరాల అప్పడాల వ్యాపారం, ఇప్పుడు తొమ్మిది మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. అక్కయ్య గారి కథ వింటే బాధేసింది. అయితే అందులోనే నా పాయింటూ ఉంది: ఆ ఒక్క మిషన్ ఎందుకు నడుస్తోంది? అది ఒకరి సొంత వ్యాపారం అయింది కాబట్టి. సంఘం అనగానే పవిత్రం, షాపు అనగానే దోపిడీ అన్నట్టు మాట్లాడకండి. వానాకాలంలో మేడ మీద అప్పడం ఆరదు. డ్రయ్యర్ కొనుక్కుంటే ఏడాదంతా ఆ తొమ్మిది మందికీ పని ఉంటుంది.

తీరంవాసి:
అన్నా, మీకు డ్రయ్యర్‌కి ఊరికే డబ్బిస్తే మీ వీధి చివర ఉన్న ఇంకో అప్పడాల ఆవిడ ఏమైపోవాలి? మీ ఖర్చు తగ్గి రేటు తగ్గిస్తారు, ఆవిడ మూసుకుంటుంది. ఊరి డబ్బుతో ఊరివాళ్ళ కడుపే కొట్టినట్టు.

మొదటి పోస్టులో చిన్న వ్యాపారాలకి నేరుగా అన్నాను. ఆ మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. షాపుకైతే వడ్డీ లేని అప్పు. తిరిగి కట్టాక అదే డబ్బు ఇంకొకరికి. సంఘానికైతే ఊరికే ఇవ్వొచ్చు, కానీ అందరూ వాడుకునే వస్తువుకే.

అప్పడాల షాపు:
అప్పు అయినా నాకు సమ్మతమే తమ్ముడూ. బ్యాంకు మేనేజరు మొహం చూడక్కర్లేకపోతే అదే పదివేలు. కానీ తిరిగి ఎవరు వసూలు చేస్తారు? నువ్వా?

కోరాపుట్ కాఫీ:
వసూలు సంగతి తర్వాత. పంచేది ఎవరో చూడండి.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో 1955లో కరెంటు మొదలైంది, ఆంధ్రా ఒడిశా ఉమ్మడి ప్రాజెక్టు. నీళ్ళు మా జిల్లావి, మునిగింది మా ఊళ్ళు. తీగలు మా నెత్తి మీంచి పోతుంటే కిరసనాయిలు దీపాల కింద చదువుకున్న పెద్దవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. అప్పుడు నిధి అన్న మాటే లేదు. సరే, ఇప్పుడు గనులకి జిల్లా ఖనిజ నిధి ఉంది, గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చింది. పాత లీజులైతే రాయల్టీ మీద అదనంగా 30 శాతం, వేలంలో పోయినవాటికి 10. డబ్బుకి లోటు లేదు. మరి దుమ్ము తినే ఊరి మనిషి ఆ బోర్డులో ఎంతమంది? పెద్ద కుర్చీ కలెక్టరుది, చుట్టూ అధికారులు, ప్రజాప్రతినిధులు. బిల్డింగులు లేస్తాయి.

కాబట్టి శాతం కంటే ముందు కుర్చీల లెక్క తేల్చుకోండి. ఆఫీసు ఖర్చుకి పరిమితి పెట్టండి, లేకపోతే అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడు తయారవుతాడు.

దెగ్లూర్ దారి:
నాందేడ్ జిల్లా నుంచి, తెలంగాణ సరిహద్దు. ఒడిశా వాళ్ళ చర్చలో దూరుతున్నందుకు ఏమనుకోకండి.

మా మరాఠ్వాడాలోనే బీడ్ జిల్లాలో 2024 డిసెంబరులో ఒక సర్పంచ్‌ని చంపేశారు. గాలి విద్యుత్ కంపెనీ దగ్గర 2 కోట్లు గుంజబోయిన వ్యవహారంతో ఈ హత్య ముడిపడిందని పోలీసుల అభియోగం. రాతకోతలు లేకుండా "ఊరికి ఏదో ఇస్తాం" అన్నచోట ఆ ఏదో కోసం గూండాలే ముందు వస్తారు. ఎంత, ఎప్పుడు, ఏ ఖాతాలోకి అన్నది పల్లిసభ గోడ మీద పెయింటుతో రాయించండి. నాకు తెలిసిన మందు అదొక్కటే.

తీరంవాసి:
దెగ్లూర్ అన్న చెప్పింది విన్నాక మా టీకొట్టు మాటలు తలుచుకుంటే భయమేసింది.

పెద్దాయన గారికి ఒక మాట. దయ వద్దు హక్కు కావాలన్నారు కదా, వాటా అయితే? స్కాట్లాండ్‌లోనే ఫింట్రీ అనే చిన్న ఊరు ఉంది. పక్క కొండ మీద కంపెనీ మరలు పెడతామంటే, చందా వద్దు, మా కోసం ఇంకొకటి పెట్టండి అని బేరమాడారు. మొత్తం 15 మరల్లో ఒకదానికి సరిపడా ఆదాయం ఆ ఊరి ట్రస్టుది. దానితో ఇళ్ళకి చలి ఆగే పనులు చేయించుకున్నారు. అంత దూరం ఎందుకు, కోయంబత్తూరు జిల్లా ఒడంతురై పంచాయతీ 2006లో బ్యాంకు అప్పు కలిపి 1.55 కోట్లతో 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది. అదీ ఊళ్ళో కాదు, గాలి బాగా వీచే ఇంకోచోట. ఊరి అవసరాలు పోగా మిగిలిన కరెంటుని విద్యుత్ బోర్డుకి అమ్మింది.

పర్లాకిమిడి పెద్దాయన:
ఒడంతురై సంగతి నాకు తెలుసు. అది నోరు కట్టే డబ్బు కాదు, ఒప్పుకుంటాను. కానీ గమనించావా, అది చేసింది నువ్వు ఆర్చీలు కడుతుందని తిట్టిన పంచాయతీయే.

2013లో ఫైలిన్ తుఫాను మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని పిండేసింది. వాటా తీసుకుంటే తుఫానులో రెక్క విరిగితే నష్టంలోనూ వాటాయే. ఆ కాగితంలో బీమా ఎవరు కడతారో చదివాకే వేలిముద్ర వేయండి.

లెక్కల మాస్టారు:
ఇది మంచి ప్రశ్న. మామూలు నిధికి ఆ బెడద లేదు. వాటాకి ఉంది. చేపలవాడ మోయగలిగిన రిస్కు కాదు నా లెక్కలో. యూనిట్ మీద 1 శాతం, అది చాలు. అందులో సగం ఉమ్మడి వస్తువులకి, సగం తిరిగొచ్చే అప్పులకి. అప్పు వసూలు సంఘాల ద్వారానే, వాళ్ళకి అలవాటైన పని. కమిటీలో భూమి ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళు ఎక్కువ ఉండాలి. లీజు డబ్బు ఎలాగూ భూమి ఉన్నవాడికి వస్తుంది, చేపలు పట్టేవాడికి సెంటు భూమి కూడా ఉండదు. దరఖాస్తు తెలుగులో కూడా తీసుకోవాలి.

వచ్చే నెల కంపెనీ వాళ్ళు ఊరి పెద్దలతో కూర్చుంటారని తీరంవాసి నాకు విడిగా రాశాడు. ఈ నాలుగు ముక్కలూ ఒడియాలో రాయించి ఇస్తాను.

కోటబొమ్మాళి కోడలు:
మాస్టారూ, ఇదంతా మా అత్తకి ఫోన్‌లో చదివి వినిపించాను. శాతాల దగ్గర ఆవిడ ఏమీ అనలేదు. మీటింగు ఏ పూట అని అడిగింది. పొద్దున్నే పెడితే పడవలొచ్చే వేళ, ఒక్క ఆడమనిషీ రాదు. మధ్యాహ్నం మూడు దాటాక పెట్టించగలరా?