నార్లికర్ గొప్ప రచయితా, కథలు కూడా రాసిన గొప్ప శాస్త్రవేత్తా?

తిన్నగా చెప్తా:
ఖగోళ భౌతిక శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ గారు 2025 మే 20న పుణెలో పోయారు, 86 ఏళ్లు. పొద్దుట్నుంచీ ఎక్కడ చూసినా "గొప్ప సైన్స్ ఫిక్షన్ రచయిత" అనే నివాళులే. బాధ నాకూ ఉంది, కానీ ఒక మాట అడుగుతా, తిట్టుకోకండి. బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి 1964లో కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతం తెచ్చి, 26 ఏళ్లకే పద్మభూషణ్ అందుకుని, 1988లో పుణెలో ఐయూకా అనే ఖగోళ పరిశోధనా కేంద్రాన్ని నిలబెట్టిన మనిషి ఆయన. అవే కథలు ఏ ఊరూ పేరూ లేనివాడో రాసుంటే ఇవాళ ఇంతమంది తలుచుకునేవాళ్లా? సాహిత్య అకాడమీ వాళ్లు కూడా 2014లో అవార్డిచ్చింది ఆత్మకథకి, కథలకి కాదు.

హార్న్‌బిల్ బాధితుడు:
సీబీఎస్ఈ పదకొండులో ఇంగ్లీషు పుస్తకం హార్న్‌బిల్ చదివినవాళ్లని అడుగు బాసూ. అందులో ఆయన కథ 'ది అడ్వెంచర్' ఉంది. పానిపట్టు యుద్ధంలో మరాఠాలు గెలిచిన ప్రపంచంలోకి ఒక చరిత్ర ప్రొఫెసర్ వెళ్లిపడతాడు, బొంబాయిలో దిగితే ఈస్టిండియా కంపెనీ ఇంకా దర్జాగా నడుస్తూ ఉంటుంది. లైబ్రరీలో కూర్చుని 'భావుసాహెబాంచీ బఖర్' అనే పాత మరాఠీ చరిత్ర గ్రంథం తిరగేస్తే, పేష్వా కొడుకు విశ్వాసరావుకి తగలాల్సిన గుండు చెవి పక్కనుంచి దూసుకుపోయిందని ఉంటుంది, నువ్వుగింజంత తేడాలో ప్రాణం దక్కిందట. ఆ నువ్వుగింజ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయా, మర్నాడు పరీక్ష ఉన్నా సరే. ఆజాద్ మైదాన్ సీన్ అయితే ఇప్పటికీ నవ్వొస్తుంది. సభలో అధ్యక్షుడి కుర్చీ ఖాళీగా ఉందని ఆ ప్రొఫెసర్ ఆగలేక స్టేజీ ఎక్కేస్తాడు, అక్కడేమో అధ్యక్షోపన్యాసాలు ఎప్పుడో మానేశారు, జనం టమాటాలూ గుడ్లూ విసురుతారు. ఇది రాయడానికి సిద్ధాంతం తెలిస్తే సరిపోదు, మన సభల్లో నడుంనొప్పి వచ్చేదాకా కూర్చున్న అనుభవం ఉండాలి.

తిన్నగా చెప్తా:
అదే కథ చివర్న ఏమవుతుందో కూడా చెప్పండి మరి. రాజేంద్ర అనే స్నేహితుడొచ్చి కటాస్ట్రొఫీ థియరీ, క్వాంటం, ఎలక్ట్రాన్లు అంటూ మొత్తం విప్పి చెప్పేస్తాడు. అప్పటిదాకా ఉన్న మజా అంతా అక్కడ చచ్చింది. విరిగిన రేడియో చూపించి లోపల తీగలు లెక్కపెట్టించినట్టు ఉంటుంది. పాత్రలు మనుషుల్లా మాట్లాడరు, సందేహం అడిగేవాడొకడు, తీర్చేవాడొకడు.

పుణెలో తెలుగు పిల్ల:
పేరు వల్లే నిలబడ్డాడన్నది మాత్రం ఒప్పుకోనండీ. 1974లో మరాఠీ విజ్ఞాన్ పరిషత్ కథల పోటీకి ఆయన తన పేరుతో పంపలేదు. ఇంటిపేరుతో సహా మార్చి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అని పంపారు, తన ఇంగ్లీషు పొడి అక్షరాలు తిరగేసి. ఆ 'కృష్ణ వివర్' (అంటే బ్లాక్‌హోల్) కథకే మొదటి బహుమతి వచ్చింది. తర్వాత మరాఠీ రచయిత్రి దుర్గా భాగవత్ కరాడ్‌లో జరిగిన సాహిత్య సమ్మేళనంలో ఆయన రచనని మెచ్చుకున్నారు, ఆవిడ మొహమాటానికి మెచ్చుకునే మనిషి కాదని ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. 2021లో నాసిక్ మరాఠీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు కూడా. ఆరోగ్యం బాగోక రాలేకపోయారు. (అధ్యక్షుడు లేని సభ! పైన చెప్పిన ఆజాద్ మైదాన్ సీన్ గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.)

ఇంకోటి, ఆయన కథల్లో పాఠం ఊరికే రాదు. 'ధూమకేతు'లో శాస్త్రవేత్తలు తంటాలుపడి తోకచుక్కని దారి మళ్లిస్తుంటే, దాన్ని కనిపెట్టిన దత్తాదా ఇంట్లోనే శాంతికని యజ్ఞం చేయిస్తారు. ఆ ఇల్లు మనది కాదంటారా? కథల బయట కూడా నార్లికర్ ఊరుకోలేదు. 27 మంది జ్యోతిష్కులకి తలా 40 జాతకాలిచ్చి, ఏ పిల్లలు చురుకైనవాళ్లో, ఎవరికి బుద్ధిమాంద్యం ఉందో చెప్పమంటే 46 శాతం సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా 50 వచ్చేది.

గోదారి గట్టు:
జ్యోతిష్యం మీద పరీక్ష పెట్టినందుకు గౌరవం, సరే. దానికీ కథ బాగుండటానికీ సంబంధం ఏంటమ్మా? మంచి ఉద్దేశంతో రాసిన నాసి కథలు మన వారపత్రికల్లో కుప్పలు. నాకైతే ఆయన రచనల్లో బెనారస్, కేంబ్రిడ్జి, ముంబై, పుణె చుట్టూ తిరిగే ఆత్మకథే బలమైనది. అకాడమీ తప్పు చెయ్యలేదు.

హార్న్‌బిల్ బాధితుడు:
అన్నా, పదహారేళ్ల పిల్లాడికి ఇంగ్లీషు క్లాసులో "చరిత్ర ఇలాగే ఎందుకు జరగాలి" అని బుర్ర తొలిచిన కథ నాసి ఎలా అవుద్ది? మా బ్యాచ్‌లో మిగతా పాఠాలు ఒక్కటీ గుర్తులేవు.

తిన్నగా చెప్తా:
జగ్తాప్ సంగతి గట్టి పాయింటే, కాదనను. ఆ బ్లాక్‌హోల్ కథ ఇంగ్లీషులో దొరికితే లింకు పెట్టండి, చదివొచ్చి మాట్లాడతా. రాజేంద్ర ఉపన్యాసాన్ని మాత్రం ఎంతమంది వచ్చి చెప్పినా కథ అనను.