అప్‌డేట్: 3 కిలోవాట్లా, 5 కిలోవాట్లా? 3 కిలోవాట్లే ఖాయం

ఇంతకుముందు నేను ఇక్కడ అడిగింది ఇదీ: వేసవిలో కరెంటు నెలకు 500 యూనిట్లు దాటుతోంది, ఇంటి మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించాలా అని. మీరు చెప్పినట్టే ఒక్క మే నెల బిల్లు చూడకుండా 12 నెలలవీ కూడితే 3,840 యూనిట్లు, అంటే నెలకు 320. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్ల లెక్కన నెలకు 120 ఇస్తుంది. 320ని 120తో భాగిస్తే 2.7. నెట్ మీటరింగ్ ఉంది, అంటే మిగిలిన కరెంటు లైన్‌లోకి పంపితే మనం వాడిన దాంట్లోంచి తగ్గిస్తారు, కాబట్టి 3 సరిపోతుంది. పైగా ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గరే 78,000 రూపాయలతో ఆగిపోతుంది, 5 పెట్టినా పైసా పెరగదు.

540 వాట్ల ప్యానెళ్లు ఆరు, మొత్తం 3.24 కిలోవాట్లు. సబ్సిడీ రావాలంటే డీసీఆర్ ప్యానెళ్లే (మన దేశంలో తయారైన సెల్స్‌తో ఇక్కడే చేసినవి) కావాలి, కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి.

అసలు తంటా నీళ్ల ట్యాంకుతో వచ్చింది. మొదటి ప్లాన్‌లో ప్యానెళ్లు ట్యాంకుకు ఉత్తరాన ఉన్నాయి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు, నీడ సరిగ్గా వాటి మీదే. ప్యానెళ్లన్నీ ఒకే స్ట్రింగ్‌లో, అంటే ఒకదాని వెంట ఒకటి వరసగా కలిపి ఉంటే, రెండింటి మీద నీడ పడినా మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే ట్యాంకుకు దక్షిణం వైపు మార్చి, దక్షిణ ముఖంగా 15 డిగ్రీల వాలు ఇచ్చారు.

కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (సోలార్ కరెంటును ఇంటికి, బయటి లైన్‌కు కలిపే పెట్టె) కూడా ఆగుతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. ఫ్యాన్లకు పాత బ్యాటరీ ఇన్వర్టర్ అలాగే ఉంచాం.